అటువైపు కరెంటు

తుఫాను వెళ్లిపోయిన రెండో వారంలో మా వీధికి సగం కరెంటొచ్చింది. సగమంటే సగమే. రోడ్డుకు అటువైపు ఇళ్లకొచ్చింది, ఇటువైపు మాకు రాలేదు. అటువైపు వాళ్లకు వేరే ట్రాన్స్‌ఫార్మరట. మాది స్తంభంతో సహా విరిగి మురుగుకాలవలో బోర్లా పడి ఉంది. అంతకుముందు రోజు దాకా వీధంతా ఒక్కటిగా ఉంది. నీళ్ల ట్యాంకరు వస్తే అందరం కలిసి బకెట్లు పట్టుకున్నాం, అందరం కలిసి కరెంటు ఆఫీసును తిట్టుకున్నాం. అటువైపు బల్బులు వెలిగిన సాయంత్రం నుంచి వాళ్లు "మీకింకా రాలేదా, అయ్యో" అనడం మొదలుపెట్టారు. మేము ఆ అయ్యోకు జవాబు చెప్పడం మానేశాం.

మా ఇంటికి సరిగ్గా ఎదురిల్లు మా అన్నయ్యది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుండగానే వాళ్ల ముందుగదిలో ట్యూబులైటు రెండుసార్లు టపటపలాడి వెలిగింది. ఫ్యాను కదిలింది. ఆ గదిలో అడుగుపెట్టి పదేళ్లయింది. నీలం గోడలకు ఎప్పుడు వేయించారో, లేత పసుపు రంగు వేయించారు.

"వాళ్లకొచ్చిందా ఏమే?" అని లోపల్నుంచి అమ్మ అడిగింది.

"వచ్చింది."

"మనకో?"

"రాలేదు."

"మీ వదినకి అన్నీ ముందే అమరుతాయిలే" అంది అమ్మ, అట్టముక్కతో విసురుకుంటూ.

నాకు నవ్వొచ్చింది. వదిన మీద ఇలాంటి మాటలు అనుకుని నవ్వుకోవడం మా ఇద్దరికీ అలవాటు. పగలంతా నేను మిషను మీద కూర్చుంటే అమ్మ పక్కన కూర్చుని ఏదో ఒకటి గుర్తుచేసుకునేది. నేను కుట్టుపని చేస్తాను. ఆస్పత్రులకు దిండు గలీబులు, బడిపిల్లలకు యూనిఫారాలు, ఇళ్లకు కర్టెన్లు. కరెంటు పోయాక మోటారు విప్పేసి, అటక మీది పాత తొక్కుడు స్టాండు దింపుకుని బెల్టు తగిలించాను. మర్నాటికే పిక్కలు రాళ్లయిపోయాయి.

అమ్మ నా దగ్గరికి వచ్చింది కూడా రోడ్డు దాటే. పదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం చేతిసంచితో వచ్చి, ఇదే గదిలో గోడకు చేరబడి ఏడ్చింది. "ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా మొహాన కొట్టినట్టే ఇస్తుందే మీ వదిన. గ్లాసు టక్కున పెట్టి, వెనక్కి చూడకుండా పోతుంది. నేను దగ్గితే టీవీ సౌండు పెంచుతుంది" అంది. ఆ సాయంత్రమే నేను వాళ్ల గుమ్మంలో నిలబడి, నోటికొచ్చినన్ని మాటలు అన్నాను. అన్నయ్య తలొంచుకుని నిలబడ్డాడు. వదిన ఒక్క మాట కూడా అనకుండా తలుపేసింది. ఆ తర్వాత రెండిళ్లకూ మాటల్లేవు. అన్నయ్య డిపోలో మెకానిక్కు. పొద్దున్నే స్కూటరు తీస్తూ నన్ను చూస్తే, అద్దంలో మొహం చూసుకుంటున్నట్టు తలొంచుకునేవాడు.

అమ్మకు ఉబ్బసం. పొద్దునా సాయంత్రం మందు ఆవిరి పట్టాలి. దానికో మెషిను ఉంది. అన్నం డబ్బా అంత ఉంటుంది, గొట్టం చివర మాస్కు. అది కరెంటు లేనిదే కదలదు. మొదటి రోజుల్లో చౌరస్తాలోని మందుల షాపువాడు జనరేటరు వేసినప్పుడు అక్కడికి తీసుకెళ్లి పట్టించేదాన్ని. తర్వాత వాడికి డీజిలు దొరకలేదు. నోట్లో కొట్టుకునే పంపుతో నెట్టుకొచ్చాం.

అటువైపు కరెంటొచ్చిన మూడో రోజో నాలుగో రోజో, విరిగిన కొమ్మలన్నీ వీధి మొగలో పోగేసి ఎవరో నిప్పు పెట్టారు. తడి కొమ్మలు. మంట లేదు, పొగే. తలుపులు వేసేలోపే ఇల్లంతా కమ్మేసింది. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. మెడ నరాలు బయటికొచ్చాయి. ఊపిరి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదు. పంపు రెండుసార్లు కొట్టాను, మూడోసారి అందులో గాలే వచ్చింది. పెదాలు నీలంగా మారుతుంటే నేనింకేమీ ఆలోచించలేదు. మెషిను చంకన పెట్టుకున్నాను, అమ్మను రెండో చేత్తో పొదివి పట్టుకుని రోడ్డు దాటాను.

వదిన తలుపు తీసింది.

"ప్లగ్గెక్కడుంది?" అన్నాను. పదేళ్ల తర్వాత మా వదినతో నేనన్న మొదటి మాట అది.

ఆమె పక్కకు జరిగింది. "ఫ్రిజ్జు దగ్గర" అని, తనే ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసి చోటిచ్చింది.

మెషిను గుర్రుమంది. మాస్కులోంచి తెల్లగా ఆవిరి వచ్చింది. కాసేపటికి అమ్మ భుజాలు కిందికి దిగాయి. వదిన గ్లాసుతో నీళ్లు తెచ్చి అమ్మ పక్కనున్న స్టూలు మీద పెట్టింది. నేను ఆ గ్లాసు వైపే చూస్తున్నాను. చప్పుడేమీ కాలేదు.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కూర్చోమని ఆమె అనలేదు, లోపల కూర్చునే ఉద్దేశం నాకూ లేదు. అన్నయ్య డిపో నుంచి వచ్చి, స్కూటరు స్టాండు వేయడం మర్చిపోయి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నువ్వా?" అన్నాడు.

"అమ్మకు ఊపిరాడలేదు."

"లోపలికి రా."

"ఇక్కడ బానే ఉంది."

ఆ తర్వాత రోజుకు రెండుసార్లు అదే పని. అమ్మను తీసుకురావడం, లోపల కూర్చోబెట్టడం, నేను మెట్ల మీద కూర్చోవడం. అమ్మ ఆవిరి పట్టుకుంటూ పైనున్న ఫ్యాను వైపు మొహం ఎత్తి, కళ్లు మూసుకునేది. తీసుకెళ్దామని లేపితే ఆ మొహం మళ్లీ ముడుచుకునేది.

మా వీధి లైన్‌మాన్‌ను పట్టుకుని అడిగాను. గడ్డం మాసిపోయి, బురద ప్యాంటుతో ఉన్నాడు. ఎన్ని రోజులయిందో ఇంటికెళ్లి.

"మీ ట్రాన్స్‌ఫార్మరు కొత్తది రావాలమ్మా. వస్తోంది."

"ఎక్కణ్ణుంచి? నడుచుకుంటూ వస్తోందా?"

"మీరైనా నవ్విస్తున్నారు. మిగతావాళ్లు కొట్టడానికొస్తున్నారు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "ఎదురిల్లు మీవాళ్లదేగా? పైనుంచి ఒక వైరు లాక్కోండి, బండ్లకు తగలకుండా. నేను చూళ్లేదనుకుంటాను" అన్నాడు.

ఆ మాట అన్నయ్య చెవిన కూడా పడింది. సాయంత్రం వైరు చుట్ట, రెండు వెదురు గడలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "మీ ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను, అమ్మ మెషిను నడుస్తాయి. రేపు పొద్దున్నే లాగేస్తా" అన్నాడు. నేను మెట్ల మీద పక్కకు జరిగి చోటిచ్చాను. చిన్నప్పుడు నా సైకిలు చైను ఊడితే ఇలాగే, అడక్కముందే వచ్చి చేతులు నల్లగా చేసుకునేవాడు.

లోపల్నుంచి అమ్మ అంది: "వద్దురా. వాన పడి, దారినపోయే ఎవడైనా తగులుకుని చస్తే ఆ పాపం మనకెందుకు? కరెంటొచ్చేదాకా నేనే ఇక్కడ ఉండిపోతాలే."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను వదిన వైపు చూశాను. వదిన ఫ్యాను వైపు చూసింది.

అమ్మను గుమ్మం దగ్గరికి పిలిచి గుసగుసగా అడిగాను. "నిజంగా ఉండగలవా? ఆవిడతోనా?"

అమ్మ నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం చెయ్యమంటావే, ప్రాణం తీపి కదా. ఓర్చుకుంటాను" అంది.

నా కళ్లూ చెమర్చాయి. ఆ చీకట్లోనే ఆమె బట్టలు, దుప్పటి, మందులు సర్దిపెట్టి ఇచ్చొచ్చాను. వైరు చుట్ట వాళ్ల గుమ్మంలోనే ఉండిపోయింది.

ఇంట్లో ఒక్కదాన్నే అయ్యాను. కిటికీ దగ్గర వెలుతురున్నంతసేపూ కుట్టేదాన్ని. ఆస్పత్రివాళ్లకు దిండు గలీబులు తొందరగా కావాలి. తుఫానులో వాళ్లవి సగం తడిసి పాడయ్యాయట. పక్కన మాటలు చెప్పేవాళ్లు లేక సూది రెండుసార్లు వేలిలో దిగింది. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని అమ్మకు ఇచ్చొచ్చేదాన్ని. వదిన చేతి తిండి అమ్మకు పడదు, పదేళ్లుగా విన్నదే కదా. మొదటి రెండు రోజులు క్యారేజీ ఖాళీగా తిరిగొచ్చింది. తర్వాత సగం. తర్వాత మూత కూడా తియ్యలేదు.

"ఆకలిగా లేదే. మీ వదిన ఏదో పెట్టింది, మొహమాటానికి తిన్నాను" అంది అమ్మ.

మా పక్కింటావిడను వీధిలో అందరూ రేడియో అంటారు. కరెంటు లేకపోయినా ఆగని రేడియో. ట్యాంకరు దగ్గర నిలబడి ఉంటే నా బకెట్టు ముందుకు జరుపుతూ, "మీ అమ్మగారు బాగా తేరుకున్నారండీ. నిన్న కిటికీలోంచి చూశాను, అత్తాకోడళ్లు ఒకటే నవ్వులు" అంది.

"ఫ్యాను గాలి కదా. ఊపిరి బాగా ఆడుతోంది" అన్నాను.

"గాలొక్కటే కాదులెండి" అని ఆవిడ నీళ్ల వైపు తిరిగింది.

నేను పట్టించుకోలేదు. అమ్మ పరాయి పంచన ఉంది, నవ్వక ఏం చేస్తుంది అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ ఉతికిన బట్టలు మడతపెట్టి తీసుకెళ్లాను. వాళ్ల ముందుతలుపు వేసి ఉంది. ఫ్యాను చప్పుడు, దాని కింద అమ్మ గొంతు. బెల్లు కొట్టబోయి, నా గురించే అని తెలిసి ఆగాను.

"...మంచిదే, కాదనను. కానీ మాట చూడు, కత్తి. మంచినీళ్లడిగితే గ్లాసు టక్కున పెట్టి, వెనక్కి చూడకుండా పోతుంది. నేను దగ్గితే ఆ మిషను ఇంకా గట్టిగా తొక్కుతుంది, వినపడకుండా. నువ్వు నయమే తల్లీ. నీ దగ్గరున్న రోజుల్లో నాకు తెలిసి రాలేదు గాని."

వదిన ఏమందో వినబడలేదు. అసలేమీ అనలేదేమో.

"పదేళ్లు, ఎలా గడిపానో నాకు తెలుసు" అంది అమ్మ. గొంతు వణికింది. ఆ వణుకు నాకు కొత్త కాదు. నా గదిలో, ఆ గోడకు చేరబడి ఏడ్చిన రోజు విన్నదే. మాటలు కూడా అవే. టీవీ స్థానంలో మిషను వచ్చింది, అంతే తేడా.

బట్టలు మెట్టు మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా పైన అక్కడున్న పూలకుండీ జరిపి పెట్టి, ఇంటికొచ్చేశాను. వచ్చి మిషను మీద కూర్చున్నాను. ఆ సాయంత్రం నేను కుట్టిన గలీబులన్నీ మర్నాడు విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. నాలుగు వైపులా కుట్టేశాను, దిండు దూరడానికి దారి లేకుండా.

మర్నాటి నుంచి క్యారేజీ తీసుకెళ్లలేదు. ఎందుకు రాలేదని అమ్మ కబురు పెట్టలేదు.

రెండు రోజులు చూసి అన్నయ్యే వచ్చాడు. పొద్దు వాలుతోంది. చేతిలో ఛార్జింగు దీపం. "ఇంట్లో ఛార్జింగు పెట్టాను. ఉంచుకో, కుట్టుకోవడానికి" అని గలీబుల గుట్ట పక్కకు జరిపి స్టూలు మీద కూర్చున్నాడు. గది నాలుగు వైపులా చూశాడు. నాన్న ఫొటో దగ్గర కాసేపు ఆగాడు.

"పాప ఫోన్ చేసింది" అన్నాడు. పాపంటే వాడి కూతురు, మా మేనకోడలు. పెళ్లయి వేరే ఊళ్లో ఉంటుంది. "నానమ్మ మనింట్లో ఉందా నాన్నా అని ఆశ్చర్యపోయింది" అన్నాడు. "నీ గురించీ అడిగింది."

"ఏమని?"

"అత్తకి ఇంకా కోపం పోలేదా అని."

"దాని మీద నాకు కోపమేంటి?"

"పెళ్లికి రాలేదు కదా. అది మనసులో పెట్టేసుకుంది."

నేను చేతిలో కత్తెర కింద పెట్టాను. "పిలవకపోతే ఎలా వస్తాన్రా?"

వాడు నా మొహంలోకి చూశాడు. వాడి మొహం చూస్తేనే నాకు సంగతి సగం తెలిసిపోయింది. మిగతా సగం తెలుసుకోవాలని లేదు.

"పిలవకపోవడమేంటి? వచ్చాను కదా. రెండుసార్లొచ్చాను. నువ్వు గుడ్డ కొనడానికి మార్కెట్టుకెళ్లావట. అమ్మ ఉంది."

"ఏమంది?"

"నువ్వు రావని చెప్పింది. మా మొహాలు చూడనన్నావంది. మళ్లీ వచ్చి బతిమాలితే ఇంకా రెచ్చిపోతావు, వదిలెయ్యమంది."

బయట ఎవరిదో కుక్క మొరుగుతోంది. అన్నయ్య దీపం స్విచ్చి వేశాడు, ఆపాడు, మళ్లీ వేశాడు.

"నాకేం చెప్పిందో తెలుసా?" అన్నాను. "ఎదురింట్లో పెళ్లి పెట్టుకుని కార్డు ముక్క కూడా పడెయ్యలేదే, చూశావా నీ అన్న, అంది. నాకంటే ముందు తనే ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టాను."

పుట్టిన నెల నుంచి పాప వేసుకున్న ప్రతి గౌనూ నేను కుట్టిందే. టేపు పెట్టకుండా దాని కొలతలు చెప్పగలిగేదాన్ని. పెళ్లిరోజు ఎవరో కుట్టిన బట్టల్లో అది కారెక్కుతుంటే ఈ కిటికీ కర్టెన్ వెనకాల నిలబడి చూశాను. భుజం దగ్గర వదులుగా కుట్టారు. కారెక్కే ముందు అది ఒక్కసారి ఇటు తిరిగి చూసింది. పిలవకపోగా చూడ్డం కూడానా అని నేను కర్టెన్ వదిలేశాను.

అన్నయ్య చేతులు తుడుచుకున్నాడు, ఏమీ అంటకపోయినా. "అమ్మ కదా. ముసలావిడ. ఏదో భయం ఆవిడకి. పోనీలే" అన్నాడు.

"నీకు పోనీ" అన్నాను. "నువ్వు ఆ పెళ్లిలో ఉన్నావు."

వాడు స్టూలు మీంచి లేచాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "వస్తూ ఉండు" అన్నాడు. "వస్తాలే" అన్నాను. ఇద్దరం మంచివాళ్లమే.

ట్రాన్స్‌ఫార్మరు ఆ వారంలోనే వచ్చింది. క్రేను, దాని వెనక ఇంకో లారీ, అరడజను మంది మనుషులు. లైన్‌మాన్ నన్ను చూసి, "నడిచే వచ్చిందమ్మా" అని అరిచాడు. సాయంత్రానికి మావైపు కరెంటొచ్చింది. పిల్లలు ఇళ్లలోంచి బయటికొచ్చి కేకలు పెట్టారు. రేడియో వాళ్ల టీవీ వీధి చివరిదాకా వినబడింది. మా ఇంట్లో ఎప్పుడో వేసి మర్చిపోయిన ఫ్యాను తిరగడం మొదలుపెట్టి, బల్ల మీద కత్తిరించిన గుడ్డముక్కలన్నీ గదినిండా ఎగరగొట్టింది. నేను వాటిని ఏరుకుంటుంటే గుమ్మంలో నీడ పడింది.

వదిన. రోడ్డు దాటి మా ఇంటికి రావడం పదేళ్లలో అదే మొదలు.

"రెండువైపులా వచ్చేసింది" అంది.

"వచ్చింది. కూర్చో."

కూర్చోలేదు. బల్ల మీదున్న కర్టెను గుడ్డ అంచు పట్టుకుని నేత చూస్తున్నట్టు నిలబడింది. "మీ అన్నయ్య చెప్పాడు, పెళ్లి పిలుపు సంగతి" అంది.

"మరి గ్లాసు సంగతి? అమ్మ నా గురించి చెప్పిందిగా. విన్నాను."

"బట్టల మీద పూలకుండీ చూసినప్పుడే అనుకున్నా."

"నువ్వు నమ్మావా?"

"నువ్వు పదేళ్లు నమ్మావు" అంది వదిన. "నేను నాలుగు రోజులు నమ్మితే తప్పా?"

నా చేతుల్లో గుడ్డముక్కలున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆమె గొంతు పెంచలేదు. "ఆ రోజు మా గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా తిట్టావు. పాపకి పరీక్షలు. పుస్తకాలు ముందేసుకుని ఏడుస్తూ కూర్చుంది. ఇదా మన అత్త, అంది. నేను తలుపేశాను, నోరు తెరిస్తే నేనూ నీలాగే మాట్లాడతానని. నన్నడగలేదు నువ్వు. ఒక్కసారి నిజమా వదినా అని అడిగుంటే చెప్పేదాన్ని."

"వదినా..." అన్నాను.

"అయిపోయింది. అది మాట్లాడ్డానికి రాలేదు" అంది. "ఆవిడ రేపు నీ దగ్గరికొచ్చేస్తానంటోంది. ఇక్కడా కరెంటొచ్చిందిగా, నా ఇల్లు నాకు అలవాటంటోంది. నాకేం అభ్యంతరం లేదు. కానీ మళ్లీ ఇన్నేళ్లూ నీ నెత్తినే ఎందుకు? వంతులేసుకుందాం. ఒక నెల నువ్వు, ఒక నెల మేము. మెషిను, మందులు ఆవిడతోపాటే తిరుగుతాయి. మీ అన్నయ్య సరేనన్నాడు."

చెత్తబండి ఏ రోజు ఎవరింటి ముందు ఆగాలో తేల్చినట్టు తేల్చేసింది. నేను కాదంటానేమో అని కాసేపు చూసింది. నా అమ్మ, నా దగ్గరే ఉంటుంది, వంతులేంటి అనాల్సింది నేను. పూర్వమైతే అనేదాన్ని.

"సరే" అన్నాను.

"నీ నెల రేపట్నుంచి" అని వదిన వెళ్లిపోయింది. రోడ్డు దాటేముందు రెండువైపులా చూసుకుని దాటింది.

మర్నాడు అమ్మను తీసుకురావడానికి వెళ్లాను. దారులు బాగుపడ్డాయని పాప కూడా కూతుర్ని తీసుకుని వచ్చింది ఆ ఉదయమే. బెల్లు కొడితే నాలుగేళ్ల పిల్ల తలుపు తీసింది. అచ్చం దాని తల్లి. అదే నుదురు, ఎడమ భుజం కాస్త కిందికి. ఆ భుజం వల్లే వాళ్లమ్మ గౌన్లు నేను ఒకవైపు పావు అంగుళం ఎత్తి కుట్టేదాన్ని. వంగి మాట్లాడించబోయాను. అది నన్ను చూసి, లోపలికి తిరిగి గట్టిగా అరిచింది.

"అమ్మమ్మా, ఎదురింటావిడొచ్చింది!"

"కూర్చోమను, వస్తున్నా" అంది లోపల్నుంచి వదిన.

పిల్ల నాకు కుర్చీ చూపించింది. వరసకు నేనూ దానికి అమ్మమ్మనే. చెబుదామనుకున్నాను, చెబితే ఇంకా ఏమేం చెప్పాలో తోచక కూర్చున్నాను. పాప చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒళ్లు చేసింది, మొహంలో పెద్దరికం వచ్చింది.

"బావున్నారా అత్తా?" అంది.

చిన్నప్పుడది నన్ను నువ్వనేది. "అత్తా, నువ్వు రా, నువ్వే కుట్టు" అని కొంగు పట్టుకుని లాక్కెళ్లేది. "బావున్నానమ్మా" అన్నాను. ఇద్దరం నవ్వాం. తుఫాను గురించి మాట్లాడుకున్నాం, ఎన్ని చెట్లు పడ్డాయో, వాళ్ల ఊళ్లో నీళ్లెంత దూరం వచ్చాయో. బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మాట్లాడుకున్నట్టు, చాలా బాగా మాట్లాడుకున్నాం. పెళ్లి మాట తను ఎత్తలేదు. నేను ఎత్తుదామంటే తన నానమ్మ అక్కడే ఉంది, సంచి పట్టుకుని, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

అమ్మను నడిపించుకుని ఇల్లు చేరాను. మంచం మీద కూర్చోబెట్టి, మెషిను ప్లగ్గు పెట్టాను. మాస్కు తగిలించేముందు అమ్మ తేలిగ్గా అంది: "హమ్మయ్య, మనింటికొచ్చాం. ఆ ఇంట్లో ఎన్నాళ్లని ఓర్చుకుంటానే? మీ వదిన..."

"అమ్మా" అన్నాను. "పాప పెళ్లికి పిలవడానికి అన్నయ్య రెండుసార్లొచ్చాడట."

అమ్మ చెయ్యి మాస్కు మీద ఆగింది. కాదనలేదు. ఎవరు చెప్పారనలేదు. మాస్కు తనే ముక్కుకు పెట్టుకుంది. గదినిండా మెషిను రొద. ఆవిరి వెనకాల ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. మందు అయిపోయేదాకా నేను పక్కన కూర్చున్నాను.

మాస్కు తీశాక ఊపిరి కూడదీసుకుని అంది. "చెబితే వెళ్లేదానివి. వెళ్తే కలిసిపోయేవాళ్లు. మీరు మీరు ఒకటైతే నన్నేం చేస్తారు? వంతులేసుకుంటారు. మా అత్తగారికి మేం తోడికోడళ్లం వేసుకోలేదా? ఆవిడ సంచి విప్పడం మానేసింది, చచ్చేదాకా." నా మొహంలోకి చూసింది. "వేశారా లేదా?"

ఆమె సంచి మంచం పక్కన నేల మీద ఉంది. అందులోంచి బట్టలు తీసి అరలో సర్దుదామని లేచాను. మళ్లీ నెలకు ఎలాగూ సర్దాల్సిందే కదా అనిపించింది. అలాగే వదిలేశాను.

"ఉక్కగా ఉందే" అంది అమ్మ. "ఫ్యాను కాస్త పెంచు."

పెంచాను.